జార్జి వాషింగ్టను మహాశయుని ప్రమాణములు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను చరిత్రము తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆయన యుద్ధములను, జయములను పాఠపుస్తకములలో చదివినవారు మనలో పెక్కండ్రు కలరు. మేమిచట ఆ యుద్ధకథను విస్తరించి చెప్పబోము. ఆయన తన జీవితమున వేఱు వేఱు కాలములందు చేసిన ప్రమాణములలో ముఖ్యములైన నాలుగింటిని వరుసగా పేర్కొని, వానిని ఆయన యెట్లు పాలించెనో, ఎచట కొఱత పడెనో చెప్పదలచితిమి. మన మహాసభలయందు కార్యవర్గమువారు పదవీస్వీకారము చేయుట కలదు. ధనమిచ్చిన పోషకులు జమాఖర్చులు వినుట కలదు. అట్టి సభ ప్రచురించు సంచికలో పదవికిని ప్రమాణమునకును గల సంబంధమును తెలుపు చరిత్ర మొకటి యుండుట అనుచితము కాదని మా తలంపు.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన వర్జీనియా సీమలో జన్మించెను. ఆ సీమ యప్పుడు ఇంగ్లాండు రాజునకు లోబడిన వలసరాజ్యము. 1743లో తండ్రి మరణింపగా పదునొకండేండ్ల బాలుడు తల్లి పోషణమున పెరిగెను. సవతి యన్నలవలె ఇంగ్లాండునకు పోయి చదువుకొను భాగ్య మాయనకు లేకపోయెను. కళాశాల గడప త్రొక్కనేలేదు. లెక్కలును, భూమి కొలుచు విద్యయు నేర్చి, పదునేడవ యేట, అనగా 1749లో, కల్పెపరు మండలమునకు భూమాపకుడుగా నియమితుడయ్యెను. ఆ యుద్యోగమునకై ఆయన ఇంగ్లాండు రాజునకు విధేయుడనై యుందునని ప్రమాణము చేసెను. ఇది మొదటిది. అందులో రాజు కలడు గాని ప్రజలు లేరు. ఉద్యోగి తనను నియమించిన ప్రభుత్వమునకు జవాబు చెప్పవలెనే కాని, ఎవరి పొలమును కొలుచుచున్నాడో వారికి చెప్పవలెనని యా ప్రమాణములో లేదు.

1758లో ఆయన వర్జీనియా శాసనసభకు ఎన్నికయ్యెను. 1765లో ఇంగ్లాండు పార్లమెంటు వలసలపై ముద్రకాగితపు పన్ను విధించెను. ఆ పార్లమెంటులో వలసప్రజ లెన్నుకొన్న ప్రతినిధి యొక్కడును లేడు. పన్ను విధించువారు పన్ను చెల్లించువారికి ఉత్తరవాదులు కాకుండుటయే ఆ కలహమునకు మూలము. కలహము ముదిరి యుద్ధమయ్యెను. 1775 జూన్ 15వ తేదీన వలసల ప్రతినిధిసభ వాషింగ్టనును సర్వసేనానిగా నెన్నుకొనెను. నెలకు ఐదువందల డాలర్ల జీతము నిర్ణయింపగా ఆయన, జీతము వలదనియు, తాను పెట్టు ఖర్చునకు సరియైన లెక్క వ్రాసి యుంచెదననియు, ఆ మొత్తమును చెల్లించిన చాలుననియు సభకు విన్నవించెను.

1777–78 శీతకాలమున ఆయన సేన పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జి యను చోట గుడిసెలు వేసికొని యుండెను. తిండికిని బట్టకును కఱవై, రోగములచే సుమారు రెండువేలమంది సైనికులు మరణించిరి. ఆ దినములలోనే సైన్యాధికారులందఱును కొత్త ప్రమాణము చేయవలెనని ప్రతినిధిసభ శాసించెను. 1778 మే 12వ తేదీన వాషింగ్టను ఆ దండుపేటయందే ప్రమాణపత్రముపై చేవ్రాలు చేసెను. సంయుక్త రాష్ట్రములు స్వతంత్రములనియు, వాని ప్రజలు ఇంగ్లాండు రాజు మూడవ జార్జికి విధేయులు కానక్కఱలేదనియు, తాను సర్వసేనాని పదవిని విశ్వాసముతో నిర్వహింతుననియు దాని సారాంశము. ఇది రెండవ ప్రమాణము.

అట్లయిన మునుపు రాజునకు చేసిన ప్రమాణము మాట యేమని కొందఱడుగవచ్చును. ఈ ధర్మసందేహము మనకును కొత్తది కాదు. భీష్ముడు హస్తినాపుర సింహాసనము నంటియుండి ఆజన్మము ప్రతిజ్ఞాపాలనము చేసెను. ద్రౌపదీ పరాభవ సమయమున అడ్డుపడలేక సభలో కూర్చుండి చూచినవాడును ఆయనయే. సింహాసనముపై నున్నవాడు ధర్మము తప్పినపుడు, ఆ సింహాసనమునకు కట్టుబడిన ప్రతిజ్ఞ మంచివానిని సైతము చెడు పక్షమున నిలుపగలదు. వాషింగ్టను తరమువారు ఈ చిక్కును స్వానుభవమున నెఱిగినవారు. కావున మనుష్యునకు గాక మఱి దేనికి ప్రమాణము చేయవలెనని వారు విచారింప వలసినవారైరి.

యుద్ధము ముగిసిన పిమ్మట 1783లో సర్వసేనాని తాను స్వహస్తముతో వ్రాసికొన్న యెనిమిదేండ్ల లెక్కలను కోశాధికారుల యెదుట నుంచెను. భార్య దండుపేటకు వచ్చిపోయిన ప్రయాణపు ఖర్చులను సైతము అందు చేర్చి, సేనను విడిచి తాను ఇంటికి పోవ వీలులేకపోయినందున నిట్లు చేర్చితినని కారణమును వ్రాసెను. ఒప్పుకొనుటయో కొట్టివేయుటయో తనిఖీదారుల వంతు. వారు లెక్కలన్నియు సరిచూచి, మొత్తము మీద ఒక డాలరునకు లోపు భేదమును మాత్రమే కనుగొనిరి. అదియు ఆయనకే రావలసినదిగా తేలెను. ఆ సంవత్సరమే మార్చి నెలలో, జీతములు ముట్టని సైన్యాధికారులు కొందఱు ప్రతినిధిసభను బెదిరింప యోచించుచుండగా, ఆయన వారి సమావేశమునకు స్వయముగా పోయి ఆ దుర్మార్గమునుండి మరల్చెను. డిసెంబరు 23వ తేదీన అన్నపోలిసు నగరమున ప్రతినిధిసభ యెదుట నిలిచి, తన నియామకపత్రమును తిరిగి యిచ్చి, మౌంటు వెర్ననులోని తన యింటికి మరలెను. జయించిన సేన చేతిలో నుండగా అధికారమును ఇచ్చినవారికే తిరిగి యిచ్చిన సేనానులు చరిత్రమున అరుదు.

1787 మే నెలనుండి సెప్టెంబరు 17వ తేదీ వఱకు ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగ రచనకై సభ జరిగెను. వాషింగ్టను దానికి అధ్యక్షత వహించెను. ముప్పదితొమ్మిదిమంది ప్రతినిధులు చేవ్రాలు చేసిన ఆ రాజ్యాంగమున ప్రమాణమును గుఱించిన విధులు ముఖ్యములు. శాసనసభ్యులు, కార్యనిర్వాహకులు, న్యాయమూర్తులు, దేశమునకు చెందినవారేమి, రాష్ట్రములకు చెందినవారేమి, అందఱును ఈ రాజ్యాంగమును సమర్థింతుమని ప్రమాణము చేయవలెను. దైవముపై ఒట్టు పెట్టుకొన నిష్టము లేనివారు దృఢోక్తి పలికిన చాలును. ఏ పదవికిని ఏ మతస్థుడో యని పరీక్షింపరాదు. అధ్యక్షుడు పలుకవలసిన మాటలను మాత్రము రాజ్యాంగమే అక్షరశః నిర్ణయించెను: పదవిని విశ్వాసముతో నిర్వహించుట, శక్తికొలది రాజ్యాంగమును కాపాడుట, రక్షించుట, సమర్థించుట. అందు ఏ మనుష్యుని పేరును లేదు. సింహాసనము తొలగి, ఆ స్థానమున శాసనము నిలిచినది.

అయినను మాట తప్పినవానిని ఏమి చేయవలెనో చెప్పక విడిచిన ప్రమాణము చాలదని వా రెఱుగుదురు. దేశద్రోహమునకు గాని, లంచమునకు గాని, ఇతర మహాపరాధములకు గాని పాల్పడిన అధ్యక్షుని మీద ప్రతినిధులసభ నేరము మోపవచ్చును; సెనేటు విచారింపవలెను; ఆ విచారణకు కూర్చుండు సభ్యులు మఱల వేఱుగా ప్రమాణము చేయవలెను; మూడింట రెండుపాళ్లు అంగీకరించినచో పదవి పోవును. పదవి పోయిన పిమ్మట సామాన్య పౌరునివలె న్యాయస్థానమున నిలువవలెను. ప్రమాణమును, విచారణమును ఒకే పత్రమున జంటగా కూర్చుట ఆ రాజ్యాంగకర్తల దూరదృష్టి.

1789లో ఓటు వేసిన అఱువదితొమ్మిదిమంది నియోజకులును వాషింగ్టనునే యెన్నుకొనిరి. విశాలమైన భూములున్నను చేతిలో రొక్కము లేక, ఆయన అప్పు చేసి న్యూయార్కునకు ప్రయాణమయ్యెను. ఏప్రిలు 30వ తేదీన ఫెడరలు హాలు మేడవసారాలో, వీధులు నిండిన ప్రజలు చూచుచుండగా, స్వదేశపు బట్టతో కుట్టిన ఉడుపు ధరించి, ఆయన మూడవ ప్రమాణమును చేసెను. దేశమున కప్పటికి ఉన్నత న్యాయస్థానము ఏర్పడియుండలేదు. న్యూయార్కు రాష్ట్ర న్యాయాధికారి రాబర్టు లివింగ్‌స్టను ప్రమాణము చేయించెను. జూన్ 1వ తేదీన ఆయన చేవ్రాలు చేసిన తొలి శాసనము ఏదనగా, ఉద్యోగులును శాసనసభ్యులును ఎప్పుడు ఎట్లు ప్రమాణము చేయవలెనో నిర్ణయించునదియే.

ప్రమాణము పలుకుట యొక దినపు పని. దానికి పరీక్ష యెచ్చటనుండి వచ్చునో చూడుడు. అధ్యక్షుడైన కొలది నెలలకే ఆయన తమ్ముని కుమారుడు బుష్రాడు తనకు ప్రభుత్వ న్యాయవాది పదవి ఇప్పింపుమని కోరెను. ఆ యువకుడు తెలివిగలవాడే. పినతండ్రులకును పెదతండ్రికిని ప్రియుడే. వాషింగ్టను ఒప్పుకొనలేదు. అంతకంటె అనుభవమును పేరును గల న్యాయవాదులుండగా తన బంధువును నియమింప తగదనియు, తన ప్రతి చర్యను వేయి కన్నులు చూచుచున్నవనియు వివరించి జాబు వ్రాసెను. ఆ బుష్రాడే పిమ్మట తన యోగ్యతచే 1798లో మఱియొక అధ్యక్షుని చేత ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నియమితుడయ్యెను. బంధువుల కోరిక కాదనుట వలన వంశమునకు నష్టము కలుగలేదని దీనివలన తేలుచున్నది.

1792లో ప్రతినిధుల సంఖ్యను రాష్ట్రములకు పంచియిచ్చు చట్టము ఆయన యెదుటికి వచ్చెను. అది ఎనిమిది రాష్ట్రములకు రాజ్యాంగము చెప్పిన లెక్కకు మించి ప్రతినిధుల నిచ్చుచుండెను. దానిని త్రోసివేసినచో, వర్జీనియావాడు కావున దక్షిణాది పక్షము వహించెనని లోకమనునేమో యని ఆయన సంకోచించెను. అయినను తన సీమవారికి మేలైనదో కీడైనదో చూడక, రాజ్యాంగముతో పోల్చి చూచి, ఏప్రిలు 5వ తేదీన త్రోసివేసెను. అధ్యక్షుడు చట్టమును నిరాకరించుట ఆ దేశమున నదియే మొదటిసారి. ఆ కాలముననే మఱియొక పరీక్ష వచ్చెను. 1791 నవంబరు 4వ తేదీన సేనాని సెయింటు క్లేరు పశ్చిమారణ్యములలో ఆదిమవాసుల చేతిలో ఘోరముగా నోడిపోగా ఆఱువందలమందికి పైగా సైనికులు మడిసిరి. ప్రతినిధులసభ విచారణసంఘమును నియమించి, ప్రభుత్వపు కాగితములు కావలెనని యడిగెను. వాషింగ్టను మంత్రులను సమావేశపఱచి, సభకు విచారించు హక్కు కలదని నిర్ణయించి, కాగితముల నిప్పించెను. సరఫరా శాఖ వారిదియు, గుత్తదారులదియు తప్పు చాలవఱకు కలదని ఆ సంఘము తేల్చెను. ఓటమిని కప్పిపుచ్చినచో ఆ గుత్తదారుల పేరు బయటికి వచ్చియుండెడిది కాదు.

1793 మార్చి 4వ తేదీన ఫిలడెల్ఫియాలో సెనేటు మందిరమున న్యాయమూర్తి విలియం కుషింగు ఎదుట ఆయన నాలుగవ ప్రమాణమును చేసెను. అప్పుడాయన పలికిన ప్రసంగము నూట ముప్పదియైదు మాటలే. ఆ దేశాధ్యక్షుల పదవీస్వీకార ప్రసంగములలో దీనికంటె చిన్నది లేదు. దాని సారమిది. తన పరిపాలనలో తెలిసి తాను రాజ్యాంగ విధిని మీఱినట్లు కనబడినచో, రాజ్యాంగము విధించు శిక్షయే గాక, ఈ ప్రమాణమునకు సాక్షులైన వారందఱి నిందకును తాను పాత్రుడగుదునని.

ఈ మాటలు మాకు ఐతరేయ బ్రాహ్మణమునందలి మహాభిషేకమును జ్ఞప్తికి తెచ్చుచున్నవి. అచట అభిషేకము పొందు రాజు, తాను ద్రోహము చేసినచో పుట్టిననాటినుండి గిట్టువఱకు చేసిన పుణ్యమంతయు, ఆయువును, సంతానమును నశించుగాక యని ఒట్టుపెట్టుకొనును. శాంతిపర్వమున పృథు చక్రవర్తియు తాను ఎన్నడును స్వేచ్ఛానుసారము నడువనని ప్రతిజ్ఞ చేయును. రాజు శాసనమునకు లోబడినవాడను భావము మన పూర్వులకును కలదు. భేదమెచటననగా, ఆ రాజు తప్పిన శిక్షించువాడు దైవము. ఈ అధ్యక్షుడు తప్పిన అడుగువారు ఎదుట నిలిచిన సాక్షులు. పరలోకమునకు విడువక, ప్రశ్నించు భారమును వినువారి మీదనే పెట్టుట వాషింగ్టను ప్రసంగమునందలి విశేషము.

సాక్షులు ఊరకుండలేదు. 1794లో పెన్సిల్వేనియా పశ్చిమ భాగమున సారాపన్నుపై తిరుగుబాటు లేచినపుడు, చట్ట ప్రకారము న్యాయమూర్తి ధ్రువపత్రము వచ్చిన పిమ్మటనే ఆయన సేనను పిలిపించెను. ద్రోహమునకు శిక్షితులైన యిద్దఱను 1795లో క్షమించెను. ఆ యేడే, అధ్యక్షుడు శాసనము నిర్ణయించిన యిరువదియైదువేల డాలర్ల జీతమునకు మించి ఖజానానుండి ముందుగా సొమ్ము తీసికొనెనని పత్రికలు నిందించెను. కోశశాఖవారును, మాజీ కోశమంత్రి హామిల్టనును లెక్కలు ప్రకటించి సమాధానము చెప్పిరి. నింద వేసిన పత్రికాకర్తను ఎవరును చెఱసాలకు పంపలేదు. 1796లో ఇంగ్లాండుతో చేసిన సంధికి చెందిన కాగితములు ప్రతినిధులసభ కోరగా ఆయన ఈసారి నిరాకరించెను. సంధుల విషయము రాజ్యాంగము సెనేటునకు అప్పగించినదనియు, సెనేటుకు కాగితములన్నియు చూపితిననియు, తనమీద నేరము మోపుటకై యడుగుచున్నామని సభ చెప్పియుండలేదనియు ఆయన వాదము. ఇచ్చినప్పుడేమి, నిరాకరించినప్పుడేమి, కారణమును వ్రాసి యందఱి యెదుట పెట్టుట ఆయన పద్ధతి.

ఇంత చెప్పి ఆయన జీవితమునందలి మచ్చను విడుచుట చరిత్రకారుని ధర్మము కాదు. వాషింగ్టను బానిసల యజమాని. పెన్సిల్వేనియా రాష్ట్రమున 1780 నాటి చట్టముచే, కొత్తగా వచ్చి కాపురమున్నవారి బానిసలు ఆఱు నెలలకు మించి యుండినచో స్వేచ్ఛ కోరవచ్చును. అధ్యక్షుడు ఫిలడెల్ఫియాలో నివసించుచు, ఆ గడువు తీఱకుండ తన యింటి బానిసలను సరిహద్దు దాటించి త్రిప్పి తెప్పించుచుండెను. 1793లో పాఱిపోయిన బానిసలను పట్టుకొను చట్టముపై చేవ్రాలు చేసెను. 1796లో ఓనా జడ్జి యను యువతి ఆ యింటినుండి తప్పించుకొని పోగా, ఆమెను తిరిగి తెప్పింప యత్నించెను, ఆమె తిరిగి రాలేదు. ఈ విషయమున ఏ విచారణసంఘమును ఆయనను ప్రశ్నింపలేదు. ఏలన, ప్రమాణమునకు సాక్షులుగా నెంచబడినవారిలో ఓనా జడ్జి లేదు. అడుగు హక్కు లేనివారికి జవాబు చెప్పువాడు లేడు. ఎంతటి సత్యవ్రతుని ప్రమాణమైనను, అది యెవరిని ప్రజలుగా లెక్కించునో అంతవఱకే వెలుగునిచ్చును.

1796 సెప్టెంబరులో తాను మరల పోటీ చేయనని ప్రకటించి, తెలియక చేసిన తప్పులను దేశము మన్నింపవలెనని కోరి, 1797 మార్చి 4వ తేదీన పదవి విడిచెను. 1799లో వ్రాసిన మరణశాసనమున, తన భార్య యనంతరము తన బానిసలందఱును స్వతంత్రులు కావలెనని విధించెను. అప్పుడు మౌంటు వెర్ననులో నున్న మూడువందల పదునేడుగురు బానిసలలో ఆయనకు విడిపించు హక్కున్నవారు నూట యిరువదిముగ్గురు. ఆ సంవత్సరమే డిసెంబరు 14వ తేదీన మరణించెను. ఆ దేశ రాజ్యాంగమున బానిసత్వము రద్దగుట 1865వ సంవత్సరమున గాని జరుగలేదు.

మన దేశమున నిట్టి మార్పే వేఱొక రీతిని జరిగినది. 1937లో మద్రాసు శాసనసభలో ప్రవేశించిన తెలుగు నాయకులు, టంగుటూరి ప్రకాశము పంతులుగారును వారిలో నొకరు, ఇంగ్లాండు రాజైన చక్రవర్తికి విధేయులమని ప్రమాణము చేయవలసివచ్చెను. 1950 జనవరి 26వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు రాజ్యాంగమును కాపాడి, రక్షించి, సమర్థింతునని ప్రమాణము చేసిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ప్రకాశము పంతులుగారు కర్నూలున ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా పలికినదియు చక్రవర్తి పేరు కాదు, భారత రాజ్యాంగము పేరు. మన రాజ్యాంగకర్తలు అమెరికావారి మాటలను గ్రహించియు, రాష్ట్రపతి ప్రమాణమునకు ప్రజల సేవకును క్షేమమునకును అంకితుడనగుదునను మాటను అదనముగా చేర్చిరి. రాజ్యాంగోల్లంఘనము చేసిన రాష్ట్రపతిని తొలగించు విధిని 61వ అధికరణమున నుంచిరి. అస్పృశ్యతను 17వ అధికరణముచే రద్దుచేసి, సాక్షుల పంక్తినుండి ఎవరిని త్రోసివేయరాదని శాసించిరి. మంత్రులచేత భయము గాని పక్షపాతము గాని, అనురాగము గాని ద్వేషము గాని లేక అందఱికిని న్యాయము చేయుదుమని పలికింప నిర్ణయించిరి.

ఈ కడపటి మాటయే మన సంఘమువారు ముఖ్యముగా ఆలోచింపదగినది. మనవాడొకడు మంత్రియో, న్యాయమూర్తియో, మండలాధికారియో అయినపుడు మనము సంతోషించి పూలమాలలు వేయుదుము. అది తప్పు కాదు. కాని ఆ మాలలు వాడకమునుపే, మనవాడు కదా యని మన పిల్లల యుద్యోగములకును మన వ్యాజ్యములకును సిఫారసు చేయుమని వానిని చుట్టుముట్టుచున్నాము. అతని ప్రమాణమునకు మొదటి పరీక్ష శత్రువులనుండి రాదు, మననుండియే వచ్చుచున్నది. బుష్రాడు పెదతండ్రి ఇచ్చినట్టి జవాబును అతడిచ్చినచో కులాభిమానము లేనివాడని నిందింతుము. ఇచ్చకము చేసి మన కోరిక తీర్చినచో గొప్పవాడందుము. ఇట్లు ప్రమాణభంగమునకు మూల్యము చెల్లించుచు, వేఱొక సంఘమువాడు తనవారికి నట్లే చేసినపుడు అన్యాయమని మొఱపెట్టుటకు మనకేమి హక్కు కలదు?

కావున మేము పెద్దలకును పోషకులకును మనవి చేయునదేమనగా, పదవిలోనున్న మనవారిని ఉపకారము కోరుటకు గాక, వారు చేసిన ప్రమాణమును జ్ఞాపకము చేయుటకు కలిసికొనుడు. మన సంఘనిధికి చెందిన లెక్కలను సైతము కార్యదర్శి చదివి ముగించువఱకు కూర్చుండి వినుడు. సందేహమున్న పద్దును లేచి యడుగుడు. అడిగినవానిని విరోధిగా నెంచకుడు. భార్య ప్రయాణపు ఖర్చును సైతము వ్రాసి కారణము చెప్పిన సేనానిని తనిఖీదారులు అవమానింపలేదు. ఆయన గౌరవము ఆ లెక్కల వలననే నిలిచినది. ప్రమాణము చేయువాడొక్కడు, వినువారు పెక్కండ్రు. వినినవారు మఱవకున్నచో చేసినవాడు తప్పుట కష్టము. మన సభయందు పదవులు స్వీకరించు సోదరులకును, వారిని అడుగవలసిన సభ్యులకును ఈ ధైర్యమును భగవంతుడు ప్రసాదించుగాక!